ఓదెలు చెవి

ఏడోసారి కూడా స్వరూప తప్పింది. తెర మీద అరవై ఒకటి అని పడింది. తొంభై రావాలి. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, ఎవరూ చూడటం లేదని చూసుకుని, తన రెండు చెవులనూ తానే మెలిపెట్టుకుంది. నలభై రెండేళ్ల మనిషి, జంతుశాస్త్రంలో డాక్టరేటు ఉన్న మనిషి, పాఠం రాని బడిపిల్లలా అలా చేసుకుందంటే ఆమెకు ఎంత ఒళ్లు మండిందో ఊహించుకోవచ్చు.

కప్పల గణన కేంద్రానికి ఆమె ఇన్‌ఛార్జి. వానాకాలం మొదలవగానే ఉత్తర తెలంగాణలోని మూడు వందల పన్నెండు చిత్తడి నేలల్లో యంత్రాలు పెడతారు. అవి కప్పల అరుపులు విని, ఏ కప్ప ఎన్నిసార్లు అరిచిందో లెక్క రాస్తాయి. వానలు వెనకబట్టగానే వాటిని ఆపేసి పెట్టెల్లో సర్దేస్తారు. ఏళ్లుగా ఇదే పద్ధతి. ఈ ఏడాది పైనుంచి ఒక కొత్త నియమం వచ్చింది. యంత్రం రాసిన లెక్క మీద సంతకం పెట్టే మనిషికి కూడా కప్పల గొంతులు తెలిసి ఉండాలట. యాభై నిమిషాల రికార్డింగు వినిపిస్తారు, మనిషి రాసిన జాబితా యంత్రం రాసిన జాబితాతో నూటికి తొంభై కలవాలి. ఆ నియమం బాగుందని అందరికన్నా ముందు మెచ్చుకున్నది స్వరూపే. ఇప్పుడా మాట గుర్తొస్తే తన నోటి మీద తనకే కోపం వస్తోంది.

సంతకం కోసం బల్ల మీద కాచుక్కూర్చున్నది ఊట్ల మడుగు నివేదిక. ఆ మడుగుకు పదేళ్లుగా రక్షణ ఉంది. రక్షణ వచ్చిందే గజ్జెకప్ప వల్ల. బొటనవేలి గోరంత ఉండే ఆ కప్ప ఊట్లలో తప్ప ఎక్కడా లేదని అప్పట్లో అనుకున్నారు. తర్వాత యంత్రాలు వచ్చి మూడు వందల పన్నెండు చోట్లా ఉందని తేల్చాయి. అంతటా ఉన్నదాని కోసం ఒక్క మడుగును కాపలా కాయడం దేనికి, ఊట్లను జాబితాలోంచి తీసేయండి అని నివేదిక సారాంశం. తీసేస్తే దసరా దాటాక మట్టి నింపి గోదాములు కడతారు. డైరెక్టర్ శేషగిరి ఆగస్టు నెలాఖరు దాకా గడువిచ్చాడు. అప్పటికి స్వరూప పాసైతే సంతకం ఆమెది. లేకపోతే కుర్చీ ఇంకొకరిది.

నేర్చుకోలేదా అంటే, నేర్చుకుంది. కేంద్రం లెక్కలో ఉన్నవి ఇరవై మూడు రకాలు. జూన్ నుంచి బస్సులో, వంటింట్లో, బట్టలు ఆరేసేటప్పుడు, ఆమె చెవుల్లో కప్పలు తప్ప మరోటి లేదు. బావురుకప్ప ఖాళీ బానలో తలపెట్టి ఎద్దు రంకె వేసినట్టు అరుస్తుంది. గోండ్రుకప్ప కుట్టుమిషను తొక్కినట్టు ఆపకుండా సాగదీస్తుంది. వరిమడి కప్ప చింతగింజలు గుప్పిట్లో ఆడిస్తుంది. చెట్టుకప్ప చెక్క మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటుంది. గోండ్రుకప్పకూ ఇసుకకప్పకూ తేడా పట్టుకోవడానికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇసుకకప్ప ఆగేముందు గొంతు కాస్త దించుతుంది, గోండ్రుకప్ప దించదు. ఆ చిన్న ముక్క బుర్రకెక్కడానికి మూడు వారాలు పట్టింది.

అలా ఇరవై రెండు వచ్చాయి. ఇరవై మూడోదైన గజ్జెకప్ప దగ్గరే అంతా మునిగిపోతోంది. పోనీ దాని గొంతు తెలియదా అంటే, తెలుసు. పదేళ్ల కింద ఊట్లలో తానే రికార్డు చేసిన ఇరవై సెకన్ల ముక్క ఉంది. మూడు మువ్వలు ఒకదాని వెంట ఒకటి రాలినట్టు, ఈలకన్నా సన్నగా ఉంటుంది. నిద్రలో లేపి వినిపించినా చెప్పేస్తుంది. పరీక్షలో మాత్రం దాని జాడే దొరకదు. యంత్రం నూట నలభై సార్లు అరిచిందని రాస్తే స్వరూప కాగితం మీద సున్నా. పోయినసారి ఊహించి ఒక వంద గీతలు గీసి చూసింది. అవీ తప్పే.

ఆ యంత్రాలను తయారుచేసిన ఇంజినీరు ఫర్హానా ఆమెకు పదేళ్లుగా స్నేహితురాలు. టీ తెచ్చి పక్కన కూర్చుని ఓదార్చింది. యంత్రానికి తప్పు నూటికి రెండేననీ, గజ్జెకప్ప విషయంలో ఆ రెండు కూడా లేవనీ, పాత రికార్డింగు ఎన్నిసార్లు వినిపించినా నూటికి నూరుసార్లు పట్టిందనీ మెల్లగా గుర్తుచేసింది. ఆ ఓదార్పుతో స్వరూపకు అరికాలి మంట నెత్తికెక్కింది. టీ తాగకుండానే లేచి వచ్చేసింది.

ఆ యంత్రం పేరు ఓదెలు చెవి. ఓదెలు ఆమె తండ్రి.

ఓదెలు ఊట్లలో నీరటి. మడుగును ఆనుకున్న చెరువు తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంత నీరు వదలాలో చూడటం అతని పని. నలభై ఏళ్లు తూము దగ్గర పొద్దుగూకేదాకా నిలబడి నిలబడి, కప్పలన్నిటినీ గొంతు బట్టి పిలవడం అలవాటైంది. గజ్జెకప్పకు ఆ పేరు పెట్టింది కూడా అతనే. ఎనిమిదేళ్ల కింద ఫర్హానా మనిషి వినికిడిని నకలు తీసే పద్ధతి కనిపెట్టినప్పుడు, ఎవరి చెవిని తీయాలన్న ప్రశ్నే రాలేదు. పంతొమ్మిది రోజులు అతన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, జుట్టుకన్నా సన్నని తీగ ఒకటి చెవి లోపలికి దించారు. అద్దానికి ఇవతల స్వరూప మీట నొక్కి కప్ప అరుపు వినిపించేది. వినపడగానే అతను వేలు ఎత్తేవాడు. చెవి లోపల ఏం కదిలిందో తీగ చెప్పేది, అది కప్పేనని వేలు చెప్పేది. ఆ రెండూ జతచేసుకుని యంత్రం నేర్చుకుంది.

తీగ తీశాక ఓదెలుకు సన్నని చప్పుళ్లు వినపడటం మానేశాయి. ముందు వయసు అన్నారు. ఏడాది తర్వాత, తీగ చెవిని కొద్దికొద్దిగా అరగదీస్తుందని తేలింది. ఇంకో మనిషిని ఆ గదిలో కూర్చోబెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అందుకే మూడు వందల పన్నెండు యంత్రాల్లోనూ ఉన్నది ఒక్క ఓదెలు చెవే.

ఇంట్లో దాని ఫలితం రోజూ కనిపిస్తుంది. ఓదెలుకు లారీ హారను వినపడుతుంది, పక్కింటి మగవాళ్ల మాట కాస్త వినపడుతుంది. భార్య గొంతు, కూతురి గొంతు వినపడవు. స్వరూప తల్లి లచ్చవ్వ ప్రతి మాటా నాలుగుసార్లు అరిచి, అయిదోసారి ఏడుపుగొట్టు మొహం పెట్టి పలక మీద రాస్తుంది. ఆమెకు రాసే అలవాటు తక్కువ, అతనికి చదివే అలవాటు తక్కువ. కూర మాడిపోతోందన్న మాట పలక మీదకు ఎక్కేసరికి కూర మాడే ఉంటుంది.

అంతటిలోనూ ఓదెలుకు ఒక్క సంతోషం మిగిలింది. ఏటా వానాకాలం అయిపోగానే స్వరూప పలక మీద గజ్జెకప్ప లెక్క రాసి చూపిస్తుంది. అతను కూడబలుక్కుని చదివి, అరుగు మీద కూర్చున్న వాళ్లందరికీ చెబుతాడు. ఒకప్పుడు ఊట్లలో మాత్రమే ఉన్నది ఇప్పుడు గోదావరి పొడుగునా ఉందట, తన చెవి పోతే పోయింది గానీ అది బాగుపడింది అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా స్వరూప మనసు కాస్త తేలికపడేది.

ఏడోసారి తప్పిన మర్నాడు ఆమె చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. నాయిన జబ్బు తనకూ వచ్చిందేమోనన్న భయం. డాక్టరు గంటసేపు పరీక్షించి, చిన్నపిల్లల చెవుల్లా ఉన్నాయి, మీకేం కాలేదు అని పంపించేశాడు. ఏదో ఒక లోపం ఉందంటే బాగుండేదనిపించింది ఆమెకు. లోపం లేకుండానే చేతకాదని తేలడం మరీ అవమానంగా ఉంది.

ఆగస్టు ఇరవై రెండున ఊట్లలోని యంత్రం బ్యాటరీ ఊరికే అయిపోతోందని ఫర్హానా దాన్ని కేంద్రానికి పట్టుకొచ్చింది. కొత్త బ్యాటరీ వేసి, ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని స్వరూప బల్ల మీదే ఆన్‌లో ఉంచింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు, ఏసీ, బయట నీళ్ల మోటారు, అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఇద్దరూ చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. స్వరూప కళ్లు ఊరికే యంత్రం తెర మీదకు పోయాయి. గజ్జెకప్ప, తొమ్మిది అని ఉంది.

గదిలోకి కప్ప దూరిందనుకున్నారు ఇద్దరూ. ఊట్ల నుంచి సంచిలో వచ్చి ఉంటుందని ఫర్హానా అంది. చదువుకున్న ఆడవాళ్లిద్దరూ మోకాళ్ల మీద పాకుతూ బీరువా కింద, బల్ల కింద, చెత్తబుట్టలో వెతికారు. వాళ్లు బల్లలు జరుపుతున్నంతసేపూ అంకె కదల్లేదు. అలసిపోయి నేల మీద కూలబడి ఊపిరి బిగబట్టి వినేసరికి మళ్లీ లెక్క పెరిగింది. పద్నాలుగు. పదిహేను. తన చెవికి ఏమీ వినపడక స్వరూపకు ఏడుపొచ్చింది. యంత్రాన్ని తీసి, చలికాలం కోసం దాచిన రగ్గులో చుట్టి, ఇనప బీరువాలో పెట్టి తలుపు వేసింది. పది నిమిషాల తర్వాత తీసి చూస్తే యాభై రెండు.

బీరువాలో కప్ప లేదు. రగ్గులో కప్ప లేదు. చప్పుడు లేదు, అంతే.

అది ముందు అర్థమైంది ఫర్హానాకు. యంత్రానికి గజ్జెకప్ప అంటే ఏమీ వినపడకపోవడం. పాత రికార్డింగు వినిపించినప్పుడు అంత సన్నని గొంతు దాని అరిగిన చెవికి ఆనదు కాబట్టి, ఏమీ వినపడలేదు కాబట్టి, గజ్జెకప్ప అని రాసింది. అది సరైన జవాబని వీళ్లు చప్పట్లు కొట్టారు. మడుగుల్లో ఒక కప్ప అరుపుకూ ఇంకో కప్ప అరుపుకూ మధ్య రవ్వంత సందు దొరికితే చాలు, అక్కడ గజ్జెకప్పను రాసింది. ఏడేళ్లుగా, మూడు వందల పన్నెండు చోట్ల. ఉత్త ఖాళీని వినిపించి పరీక్షించాలని ఏ ఒక్కరికీ తట్టలేదు.

సాయంత్రం దాకా పాత దస్త్రాలు తిరగేశారు. నకలు తీసేటప్పుడు కప్పల వరుస రిజిస్టరులో ఉన్న వరుసే. పెద్దదాని నుంచి చిన్నదానికి, బావురుకప్ప మొదట, గజ్జెకప్ప చివర. చూడటానికి పద్ధతిగా ఉంటుందని ఆ వరుస పెట్టింది స్వరూపే. పంతొమ్మిదో రోజు కాగితంలో తీగ గీసిన గీత చదునుగా ఉంది. చెవి లోపల ఏదీ కదల్లేదు. వేలు మాత్రం అరవైకి అరవైసార్లూ లేచింది.

దాని కింద ఇంకో కట్ట ఉంది. రోజూ పొద్దున్న ఓదెలు చెవిని పరీక్షించి, ఏమాత్రం మందగించినా పని ఆపేయాలని అప్పుడొక షరతు. ఆ పరీక్ష పత్రాలవి. చివరి అయిదు రోజుల పత్రాలూ ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో నిండి ఉన్నాయి. యంత్రాల ప్రారంభోత్సవం తేదీ ముంచుకొస్తోందని స్వరూప వాటిని ఒకేసారి కూర్చుని నింపేసింది. సాధారణం, సాధారణం, సాధారణం. కింద ఆమె సంతకం. ఆఫీసుల్లో అందరూ చేసే పనే కదా అని అప్పుడు అనుకుంది.

ఇంటికి వెళ్లేసరికి ఓదెలు అరుగు మీద వక్క కత్తిరించుకుంటున్నాడు. స్వరూప పలక తెచ్చి పక్కన కూర్చుంది. ఆఖరి రోజు గజ్జెకప్ప నీకు వినపడిందా అని రాసింది. అతను ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. చదివాక చాలాసేపు అడకత్తెరను తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. స్వరూపకు అర్థమైపోయింది.

"ఇనవడలే బిడ్డా" అన్నాడు చివరికి. "అద్దంల నీ చెయ్యి కనవడుతుండె. నీ చెయ్యి మీట మీదికి పోంగనే నేను ఏలు లేపిన."

ఎందుకు చెప్పలేదని రాసింది. బలపం విరిగింది.

"చెప్తే నువ్వు ఆపుతుంటివి. నా ముసలి చెవి కోసం గంత పెద్ద పని ఆగుడెందుకు అనుకున్న."

స్వరూప ఆ మాటకు తల ఎత్తలేకపోయింది. అతను చెప్పి ఉంటే తను ఆపేదా? ఆపేదాన్నని రాయాలని ఎంతో అనిపించింది. ఆపేది కాదని ఆమెకు తెలుసు. ఆ పద్దెనిమిది రోజుల్లో తండ్రి ఎన్నోసార్లు ఆమె మాటకు ఆఁ అంటూ చెవి దగ్గరికి తెచ్చాడు. ఆమె విసుక్కుని మళ్లీ చెప్పిందే తప్ప ఎందుకని అడగలేదు. విరిగిన బలపం ముక్కతో, పొద్దుటి పరీక్షలు చేయకుండానే చేసినట్టు రాశాను నాయినా అని రాసింది. ఓదెలు చదివాడు. మళ్లీ చదివాడు. కోప్పడతాడని చూసింది. కోప్పడితే బాగుండునని కూడా అనుకుంది. అతను పలకను అరచేత్తో తుడిచి ఆమె ఒళ్లో పెట్టి, లోపలికి వెళ్లి పడుకున్నాడు. రాత్రి అన్నానికి లేవలేదు. లచ్చవ్వ తలుపు దగ్గర నిలబడి ఎన్నిసార్లు పిలిచినా అతనికి వినపడదు కదా.

మర్నాటి నుంచి మూడు సాయంత్రాలు స్వరూప ఒక్కతే ఊట్ల తూము మీద కూర్చుంది. మూడు రోజులూ మంచి వాన. బావురుకప్పలు, గోండ్రుకప్పలు, వరిమడి కప్పలు పోటీపడి అరిచాయి. ఒక్కోదాన్ని పేరుపెట్టి గుర్తుపట్టింది, ఒక్కటీ తప్పలేదు. ఏడుసార్లు తప్పింది తన చెవి కాదని అప్పుడు గట్టిగా తెలిసింది. తెలిసినందుకు సంతోషించే స్థితిలో లేదు. మువ్వల సవ్వడి కోసం చెవులు రిక్కించి రిక్కించి మెడ పట్టేసింది. మూడు సాయంత్రాలు వినపడకపోతే లేదని చెప్పలేం. ఉందని అసలే చెప్పలేం.

ఇరవై ఎనిమిదో తారీఖున సమావేశం. వస్తానని ఓదెలే పట్టుబట్టాడు. పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని, కూతురికంటే ముందే ఆటోలో కూర్చున్నాడు. సమావేశం ఉందని తప్ప పలక మీద అతనికి ఎవరూ ఏమీ రాయలేదు, అతనూ ఏమీ అడగలేదు.

సమావేశంలో పన్నెండు మంది ఉన్నారు. స్వరూప తన తప్పును ముందు చెప్పింది, తండ్రి తప్పును తర్వాత చెప్పింది, ఊట్ల నివేదిక మీద సంతకం పెట్టనంది. ఏడేళ్ల గజ్జెకప్ప లెక్కలన్నీ కొట్టేయాలని అడిగింది. గదిలో గుసగుసలు మొదలయ్యాయి. శేషగిరి చెడ్డవాడేమీ కాదు. ఓపిగ్గా అంతా విని, ఓపిగ్గానే అడ్డం తిరిగాడు. యంత్రానికి ధ్రువపత్రం ఉంది. స్వరూప చెవికి లేదు, పైగా ఏడుసార్లు తప్పిన చెవి. తప్పిన చెవి చెప్పిందని పాసైన చెవిని ఎలా కొట్టేస్తాం, నియమం ఒప్పుకోదు కదా అన్నాడు. మీరే మెచ్చుకున్న నియమం అని కూడా గుర్తుచేశాడు. స్వరూపకు గోడకు తల బాదుకోవాలనిపించింది. ఇంకేం చెప్పాలో తోచక ఫర్హానా వైపు చూసింది.

ఫర్హానా లేచి, సంచిలోంచి యంత్రం తీసి బల్ల మధ్యలో పెట్టింది. దాని తెరను గోడ మీద కనపడేలా కలిపింది.

"సార్, ఒక్క నిమిషం ఎవ్వరం మాట్లాడొద్దు" అంది స్వరూప. "అంతే అడుగుతున్న."

ఫ్యాన్లు ఆపారు. కిటికీలు మూశారు. ఒకాయన దగ్గబోయి చేత్తో నోరు మూసుకున్నాడు. గోడ మీద మొదటి వరుస పడింది. గజ్జెకప్ప, ఒకటి. తర్వాత రెండు, మూడు. ఎవరో కాళ్లు పైకి తీసుకుని కుర్చీ కింద చూశారు. అంకె పదికి వచ్చేసరికి శేషగిరి కళ్లజోడు తీసి నివేదిక మీద పెట్టాడు. నిమిషం ఎప్పుడో దాటిపోయింది. చాలు అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

వెనక వరుసలో ఓదెలు గోడ మీది అక్షరాలను పెదవులు కదుపుతూ చదువుకుంటున్నాడు. కప్ప లేని గదిలో కూడా యంత్రం గజ్జెకప్పను లెక్కపెడుతోందని అతనికి అర్థమైంది. అంతా ఎందుకు ఊరుకున్నారో అతనికి తెలియదు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో కూడా అతనికి తెలియదు.

"ఇంతకూ ఊట్లలనన్న ఉన్నదా బిడ్డా అది?"

పన్నెండు మందీ స్వరూప వైపు తిరిగారు. ఆమె తండ్రి మొహం చూసింది. గదిలో ఎవరూ కదల్లేదు, ఎవరూ మాట్లాడలేదు.

గోడ మీద అంకె మారింది. గజ్జెకప్ప, పదకొండు.